మిర్చి మార్కెట్‌లో మొదటి ఫొటో

వరంగల్, మంగళవారం

అమ్మా, నేను క్షేమం. నీ ఫోన్ కలవడం లేదు, అందుకే ఈ కార్డు.

తొలి జీతంతో జేబులో పట్టేంత కెమెరా కొన్నాను. నొక్కినా చప్పుడు రాదు, వీధిలో ఎవరికీ తెలియదు. నిన్న మిర్చి మార్కెట్‌లో బస్తా మోస్తున్న ఒక హమాలీని తీశాను. ఎలా వచ్చిందోనని తెర మీద ముఖం పెద్దది చేసి చూస్తే, నాయిన! గుండెకు స్టెంట్ వేసిన మనిషి, దుకాణంలో కుర్చీ మీద కూర్చునే కాపలా పని అని మనకు చెప్పిన మనిషి!

పరుగెత్తి బస్తా దింపించాను. "ఇదేంది నాయినా?" అన్నాను.

"ఆ పని పోయి మూడు నెలలాయె బిడ్డా. మీ అమ్మకు చెప్పకు, ఫికర్ పడ్తది."

"నీకేమన్న అయినంక చెప్పాల్నా?" అని అరిచాను. అందరి ముందే ఏడ్చాడు.

ఇవాళ దవాఖానలో చూపించాను. భయం లేదు, బరువులు మాత్రం ఎత్తొద్దన్నారు. ఇప్పుడు నా గదిలోనే పడుకున్నాడు. ఆదివారం మన నెక్కొండకు తీసుకొస్తాను. పాత మందుల చీటీ వెతికి పెట్టు. మేక ఈనిందా? తమ్ముడు బడికి పోతున్నాడా?

నాయినను తిట్టాలనిపిస్తే ముందు అన్నం పెట్టు, తర్వాత తిట్టు. వాకిట్లో, నలుగురి ముందు మాత్రం ఏమీ అడగకు.

నీకు దండాలు, తమ్ముడికి దీవెనలు.

నీ బిడ్డ
సుభాషిణి