బెంచీ తీసిన చోట

అక్కా,

మా వీధి మలుపులో ఉన్న బెంచీని పీకేశారు. పీకించింది మా బిల్డింగు మేనేజరు. పీకింది మీ ఆయన.

వీడు కోపంలో రాస్తున్నాడు, రేపటికి చల్లారతాడులే అనుకోకు. చల్లారుతుందేమోనని ఆగి చూశాను. ముదిరింది. ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావేమో. ఉన్నది ఒక్క గది. నేను లేచేసరికి ఆయన ఎదురుగా ఉంటాడు, పడుకునేసరికీ ఎదురుగానే ఉంటాడు. ఆయన సంగతి ఆయన వింటుండగా నీకెలా చెప్పను?

ఆ బెంచీ మాకేమిటో నీకు తెలియాలి. ఈ దేశంలో వాన వస్తుందా రాదా అని టీవీలో గంటలకొద్దీ చెప్తారు, పక్కగదిలో మనిషి ఉన్నాడా పోయాడా అని మాత్రం ఎవరూ అడగరు. వచ్చిన కొత్తలో ఇదే పెద్ద నాగరికత అనుకుని మురిసిపోయాను. కొట్ల గుమ్మాల్లో కుక్కల కోసం నీళ్ళ గిన్నెలు పెడతారు. మంచిదే, కుక్కలతో నాకు పేచీ లేదు. కానీ వారమంతా లాండ్రీ ఆవిరిలో హోటళ్ళ దుప్పట్లు మడతపెట్టి బయటపడ్డ మనిషి, ఏదో ఒకటి కొనకుండా కూర్చోగలిగిన చోటు మా వైపు ఆ బెంచీ ఒక్కటే.

ఆదివారం సాయంత్రం మనవాళ్ళంతా అక్కడికే చేరేవాళ్ళు. ఇళ్ళకి రంగులేసే పెద్దాయన, ఒక పెద్దింట్లో పిల్లల్ని చూసుకునే వదిన, మా లాండ్రీవాళ్ళం. కూర్చునేది నలుగురైతే చుట్టూ నిలబడేది పదిమంది. వారమంతా నోట్లో కుక్కుకున్న తెలుగంతా అక్కడ బయటపడేది. ‘కరపత్రం వచ్చాడు, కాస్త జరగండి’ అని పెద్దాయన నాకు చోటిచ్చేవాడు. మన ఊరి దర్జీ కొట్లో కూర్చుని నేను చదివిన కరపత్రాల పుణ్యమా అని ఇక్కడ నాకు అదే పేరు ఖాయమైంది.

మనం మామూలుగా మాట్లాడుకుంటే ఇక్కడివాళ్ళ చెవికి కొట్లాట. ఒకసారి పెద్దాయనా వదినా ఎవరి ఊళ్ళో ఎండ ఎక్కువో తేల్చుకుంటున్నారు. ఇద్దరూ తగ్గే రకం కాదు. ఎవరో కిటికీలోంచి చూసి పోలీసుని పిలిచారు. వచ్చిన పోలీసుకి పెద్దాయన జరిగి చోటు చూపించాడు. అతను కూర్చోలేదు గానీ నవ్వుకుంటూ పోయాడు. నవ్వనిది మేనేజరే.

మొన్న రైల్లో ఊరికే పంచే పేపరు చేతికొచ్చింది. ‘వీధికి నిశ్శబ్దం తిరిగొచ్చింది’ అని శీర్షిక. కింద ఫొటో. నేలలో నాలుగు బోల్టుల కంతలు, వాటి పక్కన మెడలో బిల్డింగు తాళాల గుత్తి, చేతిలో పానా, మీ ఆయన. ‘మావాళ్ళకి పద్ధతి తెలియదు. మెల్లగా నేర్పుకుంటాం’ అన్నాడని రాశారు. ఎవరక్కా ఆ మావాళ్ళు? నేనా? ఆయన తిన్నాడో లేదో అడిగి తన డబ్బా విప్పే వదినా? ఒకడు మనల్ని తన్నాలంటే వాడి కాలు నొప్పెడుతుంది. మనలో ఒకడి చేత తన్నిస్తే వాడికి ఆ నొప్పి కూడా ఉండదు. ఇది ఏ కరపత్రంలోదీ కాదు, ఆ ఫొటో చూసి నేర్చుకున్నది.

గదిలోంచి వెళ్ళిపోతున్నాను. పెద్దాయన తన గదిలో నాకు చాప పరుస్తానన్నాడు. నీ కాపురంలో నిప్పులు పోస్తున్నానని నువ్వనుకున్నా సరే, నోరు మూసుకుని ఆయన పక్కన పడుకోవడం నా వల్ల కాదు.

నీ తమ్ముడు


అక్కా,

మొన్నటి ఉత్తరం వెనకే ఇది వస్తోంది. రెండూ కలిసి వస్తే ముందు దాన్నే చదువు. అందులో ఒక్క ముక్క కూడా వెనక్కి తీసుకోను. కానీ చూసింది చెప్పకపోతే నేనూ ఆ పేపరువాడూ ఒకటే అవుతాం.

నా పెట్టె బిల్డింగు నేలమాళిగలో ఉంది కదా, దానికోసం మధ్యాహ్నం వెళ్ళాను. వేడినీళ్ళ గొట్టాల వెనక దీపం వెలుగుతోంది. అక్కడ మన బెంచీ. దాని మీద ఒక కొసన, మిగతా ముగ్గురికీ చోటు వదిలినట్టు ఒదిగి కూర్చుని, బావ అన్నం తింటున్నాడు. పక్కన పాత రంగు డబ్బా, అందులో తుప్పు గీకి నూనె రాసిన బోల్టులు.

నన్ను చూసి ముద్ద మింగాడు. “పెట్టె కోసమా?” అన్నాడు.

నేను బెంచీకేసి వేలు చూపించాను. దీన్ని ముక్కలు చేసి పారెయ్యమన్నారనీ, చేతులు రాలేదనీ ఆయనే చెప్పాడు. ఈ బెంచీ తెచ్చిందీ ఆయనేనట, అక్కా. ఈ దేశానికొచ్చిన కొత్తలో సెలవు రోజు ఎక్కడ కూర్చోవాలో తెలియక వీధులన్నీ తిరిగేవాడట. ఎవరో పారేసిన ఈ బెంచీ కనబడితే పెద్దాయనతో కలిసి మోసుకొచ్చి, మలుపులో తనే బిగించాడట. అదంతా ఆ పెద్దాయన కూడా నాకెప్పుడూ చెప్పలేదు. బిగించిన మనిషే పీకాడని చెప్పడానికి ఆయనకి నోరు రాలేదేమో.

మరెందుకు పీకావని అడిగాను. మర్యాదగా అడగలేదు.

“మీ అక్కని తెచ్చుకోవాలంటే, నేను ఇక్కడ పనిలో బుద్ధిగా ఉంటున్నానని మేనేజరు రాసివ్వాలి. బెంచీ తీస్తావా, తీసేవాణ్ణి వెతుక్కోమంటావా అన్నాడు. పేపరువాడు అడిగినప్పుడూ పక్కనే నిలబడ్డాడు. ఏం చెప్పాలో ఆయనే చెప్పాడు, నేను పలికాను.” బోల్టుల డబ్బా పక్కకి జరిపి అన్నాడు, “నువ్వు చాలా చదివావుగా. పెళ్ళాం కావాలా బెంచీ కావాలా అంటే ఏం చెప్పాలో వాటిలో రాశారా?”

రాయలేదు. “కూర్చో, జరుగుతాను” అన్నాడు. కూర్చోలేదు. పెట్టె భుజానికెత్తుకుని వచ్చేశాను. మెట్లెక్కుతుంటే నాకు ఆయన మీద కోపం వచ్చిందో నీ మీద వచ్చిందో, ఒక్క సంతకంతో ఇద్దరు మనుషుల మధ్య సముద్రం పెట్టగలిగే ఆ మేనేజరు మీద వచ్చిందో తెలియలేదు. ఇప్పుడు తెలుసు. కానీ బెంచీ తిరిగి అడిగితే నీ ప్రయాణం పోవచ్చు. అది నేను తేల్చేది కాదు, బావ ఒక్కడూ తేల్చేదీ కాదు. ఆయన నిన్ను అడగలేదు. నేను అడుగుతున్నాను. నువ్వు వద్దంటే నోరెత్తను. ఒట్టు.

నీ తమ్ముడు


బావా,

ఈ కాగితం నీ తలుపు కింద తోసి పోతున్నాను. ఎదురుపడి చెప్తే నేను అరుస్తాను, నువ్వు తల దించుకుంటావు. ఆ రెండూ మనకి అలవాటైపోయాయి.

నా ఉత్తరాలు రెండూ అక్కకి అందాయి. నిన్న మధ్యాహ్నం నేను దుప్పట్లు మడతపెడుతుంటే ఫోన్ చేసింది. ఏడుస్తుందనుకున్నాను. మీ ఆవిడ సంగతి నీకంటే నాకు బాగా తెలుసనుకునేవాణ్ణి, ఇద్దరికీ తెలియదు. ముందు నన్ను తిట్టింది, అన్నం తినే మనిషి పక్కన కూర్చోకుండా వచ్చినందుకు. తర్వాత నిన్ను. ఆమె అన్నమాట అన్నట్టే రాస్తున్నాను. “మావాళ్ళకి పద్ధతి తెలియదన్నాడట. ఆ మావాళ్ళలో నేను లేనా? నేనొచ్చి కూర్చోడానికి చోటు లేని ఊరికి నన్నెందుకు రమ్మంటున్నాడు? వీధిలో గొంతు విప్పకూడదంటే నీ మేనకోడల్ని ఏ పెట్టెలో పెట్టి తేను?”

నీ కూతురి గొంతు నీకు తెలుసుగా బావా. అది ‘నాన్నా’ అని ఒక్కసారి పిలిస్తే మేనేజరు పోలీసుని కాదు, సైన్యాన్ని పిలుస్తాడు.

రాసివ్వకపోతే ఇంకో ఏడాది ఆగుతానంది అక్క. ఆగడం తనకి కొత్త కాదంది. కానీ నీ చేత మనల్ని తిట్టించి ఇచ్చిన కాగితం మీద మాత్రం రానంది.

కాబట్టి విను. పెద్దాయనకి చెప్పాను, వదినకి చెప్పాను, లాండ్రీలో ఉన్నవాళ్ళందరికీ చెప్పాను. ఎవరికి వాళ్ళు కూర్చునేది తెచ్చుకుంటున్నారు. పెద్దాయన రంగుల స్టూలు, వదిన పిల్లల కుర్చీ, నేను బోర్లించిన బకెట్టు. ఎవరూ అరవరు, ఎవరూ దేన్నీ విరగ్గొట్టరు. ఊరికే కూర్చుంటాం, మన గొంతుతో మాట్లాడుకుంటాం. ఎండ సంగతి ఇంకా తేలలేదు. పేపరువాణ్ణి కూడా రమ్మన్నాం, నాలుగు కంతల్నే కాదు, వాటి చుట్టూ ఉన్న మనుషుల్ని కూడా ఫొటో తీసుకొమ్మని.

నీ పని పోవచ్చు. పోదని నేను అబద్ధం చెప్పను. అందుకే రానంటే నిన్ను పిరికివాడని ఎవరూ అనరు, అననివ్వను. నీ చోటు ఖాళీగా ఉంచుతాం, అంతే.

వస్తే మాత్రం పానా మరిచిపోకు, బోల్టుల డబ్బా కూడా. నేలమాళిగ తలుపు దగ్గర నిలబడి ఉంటాను. తీసేటప్పుడు ఆ బెంచీ రెండో కొస మేనేజరు పట్టుకున్నాడటగా. పెట్టేటప్పుడు నేను పట్టుకుంటాను.

ఆదివారం. సాయంత్రం నాలుగింటికి. వీధి మలుపులో.

నీ బావమరిది,
కరపత్రం