మళ్ళీ మళ్ళీ వెలిగే దీపం

పిన్నీ,
నేనూ, నేను నడిపే ముసలి వ్యానూ ఇద్దరం కులాసా.

దాని ఇంజిన్‌లో లోపముంటే వెలిగే దీపం ఆరడం లేదని రాశాను కదా. మెకానిక్కు లోపమెక్కడో చెప్పే కోడ్ చెరిపేస్తే దీపం ఆరి, రెండ్రోజులు ఊరుకుని మళ్ళీ అదే కోడ్. ఆ కోడ్ చూపించిన సెన్సర్ మార్చినా అంతే. ఓనరు తుక్కుకి అమ్మేస్తానన్నాడు. నా ఉద్యోగమూ దాంతోపాటే పోయేది! అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. కుట్టుమిషను మోటారు మొరాయిస్తే నువ్వు విప్పవు, నడుస్తుండగానే వైరంతా వేళ్ళతో కదిపి చూస్తావు. అలాగే చేశాం. ఇనప పట్టీకి ఒరుసుకుని అరిగిన వైరు కదపగానే ఇంజిన్ దగ్గింది. ఆ వైరు మార్చాక దీపం మళ్ళీ వెలగలేదు. అంతా నీ చలవే పిన్నీ.

నా నీలం స్వెట్టర్ పంపు. బాబాయి పళ్ళు కట్టించుకున్నాడా? నమస్కారాలు చెప్పు.

నీకు కళ్ళు తిరిగితే మాత్రతో తగ్గిపోతోందన్నావు. అది కోడ్ చెరపడమే. దీపం ఆరిందని మురిసిపోకు, డాక్టరుకి చూపించుకో.

నీ బుడంకాయ