పాత కొలత

జనవరి, మంగళవారం రాత్రి

ఇవాళ స్వెటర్ మెడ దాకా వచ్చింది. ఎడమ చేతి అంచున మొదలుపెట్టి, ఛాతీ మీదుగా అడ్డంగా, కుడి చేతి అంచు దాకా ఒకే ముక్కగా అల్లుతున్నాను. చివర్లో చేతులు అతికే పని ఉండదని ఈ పద్ధతి పట్టుకున్నాను. కొలత దసరాకు తీసింది. అప్పుడు మా ఆయన ఇంకా సిరిసిల్లలో మరమగ్గాల సాంచెలు నడుపుతున్నారు. దగ్గు ఇంతగా లేదు.

సూదులు తియ్యకుండానే ఆయనకు తొడిగి చూశాను. రొమ్ము మధ్యకు రావాల్సిన అంచు మధ్య దాటి కుడి చంక వైపు పోయింది.

"సగమే నాకు సరిపాయె గదనే," అని నవ్వారు. ఆ నవ్వు దగ్గులోకి దిగింది.

"ఇప్పి మల్ల అల్లుత తియ్యి," అన్నాను.

"ఇప్పకు. పాత కొలతకే అల్లు. రేపు మా తమ్మునికి సరిపోతది."

ఎంత తేలిగ్గా అన్నారో. నువ్వే తొడుక్కుంటవు అనాల్సింది. మాట నోటి దాకా వచ్చింది కూడా. మొన్న డాక్టర్ నన్నొక్కదాన్నే లోపలికి పిలిచి చెప్పిన సంగతి అడ్డం పడింది.

సరేనని తలూపాను. ఆయన అది చూశారు.