ముఖం చూసి పంపే ఉద్యోగం

అక్టోబరు, 1973

ప్రియమైన నాన్నకు,

నేను చిక్కిపోతున్నానని దిగులు పెట్టుకోకు. మీ చెల్లెలు నన్ను చిక్కనివ్వదు. పొద్దున్నే ఓట్స్ జావ గిన్నె ముందు పెట్టి, ఖాళీ అయ్యేదాకా సైమి అత్త నిలబడే ఉంటుంది. మన గని ఊళ్లో హైస్కూలు లేకపోవడం ఎంత అన్యాయమో శనివారం ఆవిరి స్నానాలప్పుడు తెలుస్తుంది. ఇక్కడి ఆవిరి స్నానాల గది బట్టల బీరువా అంత. అత్త మోకాళ్ళు నాకు తగులుతాయి, నావి గోడకు తగులుతాయి.

మా టీచర్ మిస్ మెక్‌బ్రైడ్ ఒక వ్యాసం రాయమంది. పెద్దయ్యాక ఏ ఉద్యోగం చేయాలని ఉందో వర్ణించాలి. నా పక్కనున్న నలుగురూ నర్సులవుతారట. నేను మీ గనిలో బిళ్ళల బల్ల దగ్గర కూర్చునే ఉద్యోగం గురించి రాశాను. కిందికి దిగినవాళ్ళు గోడకున్న ఒక చెక్క బల్లకు తమ నంబరున్న ఇత్తడి బిళ్ళ తగిలిస్తారు, పైకెళ్ళేముందు పక్క బల్లకు మారుస్తారు, అంతేగా? నేను అక్కడ కూర్చుని ప్రతివాడి ముఖం చూసి, పేరు పిలిచి, అప్పుడు లిఫ్టు ఎక్కనిస్తాను. అందరూ ఎక్కాకే గంట కొడతాను. గంట కొడితేనే బండలు పగలగొట్టే మందు పేల్చాలి. ఈ పనికి మంచి కళ్ళు, కాస్త మొండితనం ఉంటే చాలని రాశాను.

"అలాంటి ఉద్యోగం ఉందా?" అని మిస్ మెక్‌బ్రైడ్ అడిగింది. ఉందా నాన్నా?

నీ కూతురు,
హిల్క

*

నవంబరు, 1973

బంగారు తల్లి హిల్కకు,

అలాంటి ఉద్యోగం లేదు. షిఫ్టు బాస్ వచ్చి బల్ల చూస్తాడు. బిళ్ళలన్నీ మారితే పైకెళ్ళి తాళంచెవి తిప్పుతాడు, మేము పొద్దుట్నించీ రంధ్రాల్లో కూరిన మందు పేలుతుంది. పైగా ఆడవాళ్ళు గనిలో దిగితే బండ మీద పడుతుందని ఇక్కడి ముసలాళ్ళు ఒట్టేసి చెబుతారు. నిన్ను దించితే నన్ను తంతారు.

నీ ఉత్తరం భోజనాల వేళ నా జోడీ ఒస్మోకు చదివి వినిపించాను. ఉల్లిపాయ కొరుకుతూ ఆలోచించి ఏమన్నాడో తెలుసా? "మీ అమ్మాయి నా ముఖం గుర్తుపట్టాలంటే ముందు నేను కడుక్కోవాలి. కడుక్కోవాలంటే పైకెళ్ళాలి. పైకెళ్ళాలంటే ఆమె గుర్తుపట్టాలి. ఇక నేను ఈ కిందే కాపురం పెట్టాలిరా టౌనో!" మేమంతా నవ్వాం.

ఇంకో సంగతి. నువ్వొస్తే ఒస్మోకే నష్టం. బిళ్ళ మార్చిన వరుసలోనే లిఫ్టు ఎక్కిస్తారు. చివర వెళ్ళినవాళ్ళకి స్నానాల గదిలో వేడినీళ్ళు మిగలవు. ఒస్మో మోకాలు సంగతి నీకు తెలుసు, రాయి మోసే బండి కంటే నెమ్మదిగా నడుస్తాడు. అందుకని నేను ముందుగా వచ్చి నా బిళ్ళతోపాటు వాడి బిళ్ళా మార్చేస్తాను. జోడీగా పనిచేసే వాళ్ళందరూ ఇక్కడ చేసేదే. మీ అమ్మ పోయిన ఏడాది నేను మనిషిలా లేనప్పుడు, నా బిళ్ళ వాడు మార్చేవాడు.

ఒస్మో భార్య ఐలి నీకోసం ఊలు మేజోళ్ళు అల్లుతోంది. ఏ రంగు కావాలో నిన్ను అడగమంది.

నిన్నే తలుచుకునే,
నాన్న

*

డిసెంబరు, 1973

ప్రియమైన నాన్నకు,

మేజోళ్ళు ఎరుపు. ఐలి అత్తకు చెప్పు.

వ్యాసానికి తక్కువ మార్కులొచ్చాయి. "లేని ఉద్యోగం గురించి రాయమనలేదు" అని టీచర్ ఎర్ర సిరాతో రాసింది. లేదు కాబట్టే రాశానని చెప్పాను. ఎదురు చెప్పినందుకు బడి అయ్యాక నల్లబల్లలు తుడిపించింది.

ఒస్మో మామ బిళ్ళ నువ్వు మారుస్తావని నేను క్లాసులో ఎవరికీ చెప్పలేదు. కానీ నాకు బాగోలేదు నాన్నా. మామ ఇంకా రాకుండానే వచ్చినట్టు ఎలా అవుతుంది? చన్నీళ్ళ స్నానం చేస్తే ఏమవుతుంది? పెద్దవాళ్ళకు నేను చెప్పేదేముంది. మామకు మాత్రం చెప్పు: ముఖం కడుక్కోకపోయినా నేను గుర్తుపడతానని.

క్రిస్మస్‌కి మంచు దారి మూసేస్తే రాలేనని అత్త అంటోంది. నేను నడిచైనా వస్తానన్నాను.

నీ,
హిల్క

*

జనవరి, 1974

హిల్కా,

నువ్వు మంచు వల్ల రాలేకపోవడమే మంచిదైంది.

ఒస్మో పోయాడు. క్రిస్మస్ సెలవుల తర్వాత మొదటి వారంలో, సాయంత్రం పేలుడుకు ముందు పైకి రాలేదు. మర్నాడు తీసుకొచ్చారు. పాతిపెట్టడానికి నేల గడ్డకట్టి ఉంది, అందుకని వసంతం దాకా చర్చి వెనక కొట్టంలో ఉంచారు. ఐలిని ఆమె అక్క తీసుకెళ్ళింది.

మార్చిలో విచారణ. ఒస్మో తన బిళ్ళ తానే మార్చి, లిఫ్టు ఎక్కకుండా వెనక్కి వెళ్ళాడని కంపెనీ అంటోంది. తాగడానికి వెళ్ళాడని కొందరంటున్నారు. నన్నూ సాక్ష్యానికి పిలిచారు. నాకు చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు.

బాగా చదువుకో. అత్త మాట విను.

నాన్న

*

ఫిబ్రవరి, 1974

నాన్నకు,

ఈ ఉత్తరం మూడుసార్లు చింపి మళ్ళీ రాస్తున్నాను.

ఐలి అత్త వకీలును కలవడానికి ఈ ఊరొచ్చి మా ఇంట్లో దిగింది. ఎర్ర మేజోళ్ళు తెచ్చింది. సైమి అత్త కాఫీ, ఏలకుల రొట్టె పెడితే రొట్టె ముట్టలేదు. తప్పు ఒస్మో మామదే అని తేలితే గని ఇల్లు ఖాళీ చేయాలట. దానికంటే ఆ తాగుడు మాటే ఆమెను తినేస్తోంది.

"పెళ్ళిలో కూడా పళ్ళరసమే తాగాడు. మా నాన్న ఎగతాళి చేశాడు కూడా. ఇప్పుడు బండల మధ్యకెళ్ళి తాగాడట!" అంది.

సైమి అత్త కప్పు మళ్ళీ నింపింది.

"టౌనో ఉన్నాడుగా," అంది ఐలి అత్త. "ఇద్దరూ ఒకచోటే పనిచేశారు. జరిగింది టౌనో చెబుతాడు. మీ నాన్న అబద్ధమాడడు కదే హిల్కా?"

నేను ఆడడన్నాను. చెప్పాక వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఒక్కటే అడుగుతున్నాను నాన్నా. మామ బిళ్ళ ఆ రోజు ఎవరు మార్చారు?

నువ్వు జవాబు రాయకపోయినా నేనెవరికీ చెప్పను. కానీ ఆ మేజోళ్ళు తొడుక్కోలేకపోతున్నాను.

హిల్క

*

మార్చి, 1974

నా తల్లి హిల్కకు,

నీకు జవాబు రాయడానికి ముందు విచారణలో చెప్పాలనుకున్నాను. అందుకే ఆలస్యమైంది.

నేనే మార్చాను. ఎప్పటిలాగే. వాడు సొరంగం మలుపు దగ్గర కూర్చుని మోకాలు పట్టుకున్నాడు. "నువ్వు పద, నేను తర్వాతి దాంట్లో వస్తా. వేడినీళ్ళు నాక్కూడా కాస్త ఉంచు" అన్నాడు. నేను వచ్చి రెండు బిళ్ళలూ మార్చి పైకెళ్ళాను. బాస్ బల్ల చూశాడు, బిళ్ళలన్నీ మారి ఉన్నాయి, ఆఖరి లిఫ్టులో వచ్చేశాడు. స్నానాల గదిలో ఇంటికి తొడుక్కెళ్ళే బట్టలు బుట్టల్లో పెట్టి గొలుసులతో కప్పుదాకా లాగి ఉంచుతాం, నువ్వు చిన్నప్పుడు చూశావు. నేను తల తుడుచుకుంటూ పైకి చూశాను. ఒక్క బుట్టే దిగలేదు. ఒస్మోది. కేకేసేలోపే కాళ్ళకింద నేల అదిరింది.

విచారణ ముందు రోజు బాస్ మన ఇంటికొచ్చాడు. "పోయినవాడికి ఇంకేం నష్టం టౌనో? నీకు కూతురుంది" అన్నాడు. మనవాళ్ళూ వచ్చారు. నేను చెబితే అందరి పనీ బయటపడుతుందని వాళ్ళ భయం. ఆ రాత్రి నేను మాట్లాడకూడదనే అనుకున్నాను. నువ్వు వంటింట్లోకి వెళ్ళిపోయానని రాసిన ముక్క నన్ను పడుకోనివ్వలేదు.

చెప్పాను. ఐలి ఇల్లు ఐలికి ఉంటుంది. ఒస్మో తాగలేదని, బిళ్ళ వాడు మార్చలేదని రాసుకున్నారు. బయటికొచ్చేటప్పుడు ఐలి నా ముందు నుంచే వెళ్ళింది. ఆగలేదు. ఆగుతుందని నేనూ అనుకోలేదు. ముసలి వైనో మాత్రం ఆగాడు. "నువ్వొక్కడివే మార్చావా? మేమందరం మార్చాం. ఇప్పుడు ఊరంతటినీ హంతకుల్ని చేశావు కదరా," అని నా బూట్ల మీద ఉమ్మాడు.

నన్ను పనిలోంచి తీసేస్తారనుకున్నాను. తీయలేదు. కంపెనీవాళ్ళు కొత్త నియమం పెట్టారు. బల్ల దగ్గర ఒక మనిషి కూర్చోవాలి. ప్రతివాడి ముఖం చూసి, పేరు పిలిచి, ఎక్కించి, అందరూ వెళ్ళాక గంట కొట్టాలి. ఆ పనికి ఎవరూ ఒప్పుకోలేదు, నాకిచ్చారు. నువ్వు రాసిన ఉద్యోగం ఇప్పుడుంది హిల్కా. మీ టీచర్‌కు చెప్పు.

మొదటి రోజు ఒక్కడూ నావైపు తిరగలేదు. బిళ్ళ మార్చి, తల వంచుకుని లిఫ్టు వైపు నడిచారు. నేను తలుపు మూయనివ్వలేదు. "ముఖం చూడాలి" అన్నాను. వైనో దీపం తన ముఖం మీదికి తిప్పుకుని, "చూడు, కళ్ళారా చూడు" అన్నాడు. చూశాను. వైనో అని పిలిచాను. తర్వాత ఒక్కొక్కరూ తిరిగారు. ఆలస్యమై నీళ్ళు చల్లారాయి, ఆ రోజు అందరూ చన్నీళ్ళతోనే స్నానం చేశారు.

నీ వ్యాసంలో ఒక్కటి సరిదిద్దు. మంచి కళ్ళు, మొండితనం ఉంటే చాలదు. వాళ్ళ ముఖాలు చూడాలంటే మన ముఖం వాళ్ళకు చూపించాలి. రోజూ. అది నువ్వు రాయలేదు, నీకు తెలిసే అవసరం రాకూడదనే నా కోరిక.

పోయినవాడి నంబరు ఇక్కడ ఇంకొకరికి ఇవ్వరు. బల్ల మీద వాడి బిళ్ళ తగిలించే మేకు ఖాళీగా ఉంది. ఆఖరి లిఫ్టు వెళ్ళేముందు నేను దీపం తీసుకుని ఆ మలుపు దాకా నడుస్తాను. అక్కడ నిలబడి వాడి పేరు కూడా పిలుస్తాను. కాసేపు వింటాను. అప్పుడు పైకొచ్చి గంట కొడతాను.

మేజోళ్ళు తొడుక్కో తల్లీ. ఐలి అల్లినవి అవి, నేను కాదు.

నీ నాన్న,
టౌనో