ఒంటిచేతి ట్రే

అక్కా,

నువ్వు పంపిన చేతికర్ర అందింది. దాన్ని కోసేశాను. తిట్టేముందు ఇదంతా చదువు.

పక్షవాతంతో నా ఎడమచెయ్యి పడిపోయిందే గాని, కాలు మళ్లీ దారికొచ్చింది. కాస్త ఈడుస్తానంతే. పోయినసారి మీరంతా వచ్చినప్పుడు ఏమన్నావు? "నువ్వు కూర్చోవే, టీ ఎవరికి వాళ్లే తెచ్చుకుంటారు" అన్నావు. నా ఇంట్లో నేనే చుట్టాన్నయ్యాను.

ఆ ఉక్రోషంతోనే అటక మీది పాత చెక్కపెట్టె విప్పి, ఆ పలకలతో ట్రే చేశాను. పలక మీద కూర్చుని కుడిచేత్తో రంపం లాగాను. మేకులు పట్టుకున్నది మాత్రం మీ మరిది. సుత్తి ఒకసారి ఆయన వేలి మీద పడింది, పాపం. తీరా చూస్తే, అలవాటు కొద్దీ అటొక పిడి, ఇటొక పిడి పెట్టాను! ఎత్తబోతే ఒక పక్కే లేచింది. ఆయన నవ్వు ఆపుకున్నారు. నేను ఆపుకోలేదు.

అప్పుడే నీ కర్ర వచ్చింది. అది పట్టుకుని నడిస్తే నాకున్న ఒక్క చెయ్యీ దానికే సరి. ఇక కప్పులు దేంతో మొయ్యను? అందుకే దాన్ని కోసి, బుట్టకి ఉన్నట్టు ట్రే మీద నడిమధ్యన అడ్డపిడిగా బిగించాను. గరుకుగా, మోటుగా ఉంది. నాకు నచ్చింది.

ఆదివారం అందరూ రండి. టీ నేనే తెస్తాను. తొణికితే తొణుకుతుంది, తుడుచుకుంటాను. నువ్వు మాత్రం సాయానికని కుర్చీలోంచి లేచావో, నీ కప్పు వెనక్కి పట్టుకుపోతాను.

నీ చెల్లెలు