మామయ్య పారెయ్యని డబ్బాలు

మేనల్లుడికి,

రెండు రోజులుగా ముసురు. శీతల గిడ్డంగి గేటు దగ్గరంతా బురద. లోపల విత్తన దుంపల మూటలు సర్దుతున్నాం. లినక్సు మిషన్లో నువ్వు పెట్టిపోయిన డేటాబేస్ కంటైనరు, అదే, డబ్బాలాంటిదన్నావే, అది నత్తలా నడుస్తోంది. ఎవరి మూట ఏ గదిలో ఉందో దానికే తెలుసు. సోమవారం రైతులొస్తారు. ఏం చెయ్యమంటావు?

మామయ్య

తా.క.: ఫోన్ చెయ్యకు. చలిగదిలో సిగ్నల్ ఉండదు. జవాబు లారీ డ్రైవరుకివ్వు.

మామయ్యకు నమస్కారాలు.

దానికి మెమరీ చాలడం లేదు. సెట్టింగుల ఫైల్లో మెమరీ అంకె పెంచి, పాత డబ్బా తీసేసి కొత్తది పెట్టండి. సరుకంతా, అంటే మూటల లెక్కలన్నీ, డబ్బా బయట ఫోల్డర్లో ఉంది. డబ్బా ఎన్నిసార్లు మార్చినా ఏమీ పోదు.

మీ మేనల్లుడు

ఒరేయ్ అల్లుడూ,

సరుకు బయట ఉందన్న మాట చదివాక అన్నం సహించలేదు. గిడ్డంగివాడు సరుకు బయట పెడతాడా? ఫైల్లో ఆ ఫోల్డరు దారి చెప్పే వరస కొట్టేసి, ఫోల్డరంతా కొత్త డబ్బా లోపలికి చేర్చాను. బయట ఏమీ మిగల్చలేదు. సాయంత్రం మళ్లీ మందగించింది. అంకె ఇంకా పెంచి ఇంకో డబ్బా పెట్టాను. ఇప్పుడు గుర్రంలా పరుగెడుతోంది. ఒక్క మూటా చూపించడం లేదు.

మామయ్య

తా.క.: ఖాళీగా ఉంది కనక అంత వేగం కాబోలు.

మామయ్యా,

మీ ఉత్తరం చదవగానే సెలవుకు అర్జీ పెట్టాను. సరుకున్న డబ్బా తీసేస్తే సరుకూ పోయినట్టే. రైతులకేం చెబుతాం? ఈ పద్ధతి మంచిదని గిడ్డంగి యజమానికి పూచీ పడింది నేనే. సెలవు దొరికితే మంగళవారం వస్తాను. దేన్నీ ముట్టుకోకండి.

మీ మేనల్లుడు

తా.క.: కీబోర్డు దాచెయ్యమని అత్తయ్యతో చెప్పండి.

అల్లుడికి,

వాన వెలిసింది. నువ్వు రానక్కర్లేదు. తీసెయ్యమన్నావు గానీ నేను ఆపానంతే. చిరిగిన అట్టపెట్టె పారేసిన పాపాన పోనివాణ్ణి, నడిచే డబ్బా పారేస్తానా? ప్రతి కొత్తదానికీ కొత్త పేరు పెట్టి, పాతవి పక్కన వరసగా ఉంచాను. సరుకున్నదాన్ని లేపాను. అందరి మూటలూ ఉన్నాయి. నీ మాట విని పాతవి తీసేసుంటే ఇద్దరం రైతుల కాళ్ల మీద పడేవాళ్లం.

మామయ్య

తా.క.: నీ మొదటి డబ్బా కూడా తెరిచాను. సరుకు బయట పెట్టిన పెద్దమనిషివి, మిగతా సెట్టింగులన్నీ లోపలే రాసుకున్నావు. అవీ, సరుకూ కలిపి బయటికి తీసి పెట్టాను. కీబోర్డు అత్తయ్య దాచింది, వెతుక్కోవడానికే సగం పూట పట్టింది. రైతులు సోమవారం పొద్దున్నే వచ్చారు. ఆఖరి ట్రాక్టరు మధ్యాహ్నం వెళ్లింది.