తెరమీద గీత

ఆత్మకూరు,
ఆగస్టు 1994

హెన్రీ బావకు వందనాలు.

నువ్వు నెల్లూరు నుంచి పంపిన ట్యూబు అందింది. టీవీలు పరీక్షించే మన పాత ఆసిల్లోస్కోపుకు బిగించాను. అయినా తెరమీద గీత మసకగానే ఉంది. ఫోకస్ తిప్పీ తిప్పీ, కండెన్సర్లన్నీ మార్చీ విసిగిపోయాను బావా.

నిన్న ఉదయగిరి నుంచి టీవీ బాగుకు తెచ్చిన పెంచలయ్య తెరలోకి తొంగిచూసి, "గీత దారం మాదిరి సన్నంగానే ఉండాది గదన్నా!" అన్నాడు. నేను తలెత్తితే గోడమీది క్యాలెండరు కూడా మసకగానే ఉంది. దానికి ఏ నాబ్ తిప్పేది?

ట్యూబు అమ్మినతన్ని ఏమీ అనవద్దు. అక్కడి కంటి ఆసుపత్రిలో కనుక్కుని పెట్టు, సోమవారం వస్తాను. మీ చెల్లెలు సుజనకు మాత్రం చెప్పకు. స్కోపు పార్టుల కోసం వెళ్తున్నానని చెప్పాను.